వాల్వు ఈక్వలైజరు: వోల్టేజీలు చూసే పద్ధతి కూడా అచ్చు వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక ఆదివారం అనుబంధంలో, పాటలో బాసు, ట్రెబులు హెచ్చుతగ్గులు చేసుకునే ఆడియో ఈక్వలైజరును పాత రేడియో వాల్వులతో ఇంట్లోనే కట్టుకోవడం గురించి రెండు వారాలుగా వస్తున్న వ్యాసాన్ని శ్రద్ధగా చదువుతున్నాను. సర్క్యూటు మంచిది. పీటర్ బాక్సండల్ 1952లో ప్రకటించిన టోను కంట్రోలు పద్ధతిని ఆధారం చేసుకుని, రెండు 12ఏఎక్స్7 వాల్వులతో, మన ఊళ్లలో దొరికే సామానుతోనే పని జరిగేట్టు రూపొందించిన తీరు నాకు నచ్చింది. అయితే రెండో భాగం చివర, అన్నీ బిగించాక మల్టీమీటరుతో వోల్టేజీలు సరిచూసుకోవాలని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నారు. ఈ ఉత్తరం ఆ ఒక్క వాక్యం గురించే.

నేను ఐటిఐలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. అంతకు ముందు కడపలోనే వాల్వు రేడియోలు బాగుచేసే దుకాణంలో పని నేర్చుకున్నవాణ్ణి. అందుచేత చెబుతున్నాను, ఇలాంటి సెట్టు కట్టడంలో ప్రమాదం దాదాపు లేదు. టంకం వేసేటప్పుడు ప్లగ్గు గోడకు ఉండదు కాబట్టి మహా అయితే వేలు కాలుతుంది. వాడేటప్పుడూ భయం లేదు, మూత బిగించి ఉంటుంది. మూత తీసి, కరెంటు ఉండగా, లోపలికి చేయి పెట్టే సందర్భం ఒక్కటే, అది వోల్టేజీ చూసే సమయం. మీ పటంలో ఉన్న 250-0-250 ట్రాన్స్‌ఫార్మరు (మధ్య తీగకు అటూ ఇటూ 250 వోల్టుల చొప్పున ఇచ్చేది) నుంచి, వాల్వులు ఇంకా వేడెక్కక ముందు, విద్యుత్తును నిలవ ఉంచే మొదటి కండెన్సరు మీదకి వచ్చేది 250 వోల్టులు కాదు, దాని శిఖర విలువ అయిన 353 వోల్టులు. రాత్రి పదకొండు దాటాక మా వీధిలో సప్లై 230 ఉండాల్సిన చోట 250 కూడా చూపిస్తుంది. అప్పుడది 384 అవుతుంది, లోడు లేని ట్రాన్స్‌ఫార్మరు ఇంకో పదో వంతు ఎక్కువిచ్చిందంటే 420 దాటుతుంది. కండెన్సరుకు 450 వోల్టుల రేటింగు ఉండాలని మీ రచయిత రాసింది అందుకే. కానీ ఆ 420 మీదకి ప్రోబు పట్టుకుని వెళ్లే చేతి గురించి ఆయన ఏమీ రాయలేదు.

పోయిన వారం ప్రొద్దుటూరు నుంచి ఒక కుర్రవాడు మీ వ్యాసం చూసి కట్టిన సెట్టును సంచిలో పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. పనితనం బాగుంది, తీగలు పొందికగా మడిచి కట్టాడు. "వోల్టేజీ వచ్చాంది సార్, పాట మాత్రం రావడంల్యా" అన్నాడు. ఎలా చూశావని అడిగితే, మా వసారాలోని కడప బండ మీద సెట్టు బోర్లించి, ప్లగ్గు పెట్టి, స్విచ్చి వేసి, కుడిచేత ఎర్ర ప్రోబు, ఎడమచేత నల్ల ప్రోబు పట్టుకుని, చాసీ (సెట్టును మోసే లోహపు చట్రం) అంచుకు మణికట్టు ఆనించి, ఒంటి కాలి మీద కూర్చుని చూపించబోయాడు. కాళ్లకు చెప్పులు లేవు. బండలు అప్పుడే తడిగుడ్డ పెట్టి తుడిచి ఉన్నాయి. "నాయనా, ఆ ఎడమచేతిలోది ముందు కింద పెట్టు" అని, నేనే వెళ్లి స్విచ్చి ఆపాను. ఆ కుర్రవాడిది అశ్రద్ధ కాదు. వోల్టేజీలు చూసుకోమన్నారు, చూసుకుంటున్నాడు. ఎలా చూడాలో అతనికి ఎవరూ చెప్పలేదు.

నాకూ మొదట్లో ఎవరూ చెప్పలేదు. పనిలో చేరిన కొత్తల్లో ఒక మే నెల మధ్యాహ్నం, టంకం కడ్డీ చల్లారిపోతుందని ఫ్యాను ఆపి, చెమటలు కారుతుండగా, ఒక సెట్టులో ప్లేటు వోల్టేజీ, అంటే వాల్వులో ఎక్కువ వోల్టేజీ ఉండే కొసది, చూస్తున్నాను. ఎడమచేత్తో చాసీని పట్టుకుని ఉన్నాను. వాల్వు బేసు మీద పిన్నులు దగ్గర దగ్గరగా ఉంటాయి కదా, ప్రోబు మొన జారింది, దాని వెంట నా చూపుడు వేలూ జారింది. షాకు కొట్టినట్టు నాకు గుర్తు లేదు. మోచెయ్యి వెనక్కి విసిరి బల్లకు బిగించిన వైసుకు తగిలిన నొప్పి మాత్రమే గుర్తుంది. చెమట పట్టిన రెండు చేతుల మధ్య మన శరీరపు నిరోధం ఒకటి రెండు వేల ఓములకు పడిపోవచ్చు. 300 వోల్టుల దగ్గర రెండు వేల ఓములంటే 150 మిల్లీ ఆంపియర్లు, అదీ గుండె మీదుగా. ఇంత చిన్న ట్రాన్స్‌ఫార్మరు అంత కరెంటు ఇవ్వలేదు కదా అనుకోకూడదు, ఒక క్షణం పాటు ఇవ్వడానికి పక్కనే నిండిన కండెన్సరు ఉంది. నేను బతికింది చేయి వెనక్కి ఎగిరిన దిక్కు మంచిది కావడం వల్లే. ఆ రోజు నుంచి సెట్టులో కరెంటు ఉన్నంతసేపూ నా ఎడమచేయి వీపు వెనక ఉంటుంది. నా శిష్యులు దీన్ని అనుకరించి నవ్వుకునేవారు, నేర్చుకున్నారు కూడా.

ఇక్కడ మన జనంలో ఉన్న రెండు ధీమాల గురించి చెప్పాలి. మొదటిది, చొక్కా జేబులో ఉండే టెస్టరు. టెస్టరు వెలగలేదంటే కరెంటు లేదని మనవాళ్ల నమ్మకం. గోడలోని ఫేజు విషయంలో అది చాలావరకు సరిపోతుంది, ఎందుకంటే ఆ కరెంటు భూమి గుండా తిరిగి వెళ్లగలదు. ట్రాన్స్‌ఫార్మరు అవతలి పక్క సంగతి వేరు. చాసీకి ఎర్తు ఇవ్వని సెట్టులో హెచ్‌టి లైనుకూ (వాల్వులకు ఎక్కువ డీసీ వోల్టేజీ అందించే తీగకూ) భూమికీ సంబంధమే ఉండదు కాబట్టి, ఆ లైనుకూ చాసీకీ మధ్య 300 వోల్టులు నిండుగా ఉన్నా టెస్టరు వెలగకపోవచ్చు. రెండోది, కొత్త ఇళ్లలో మెయిన్ బోర్డులో పెడుతున్న ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటుకూ న్యూట్రలులో తిరిగి వచ్చిన కరెంటుకూ 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే అది పడిపోతుంది. ఇంటి వైరింగుకు అది ఉండి తీరాల్సిన వస్తువే. కానీ హెచ్‌టి లైను ముట్టుకున్నప్పుడు మన ఒంట్లోంచి పారే కరెంటు ట్రాన్స్‌ఫార్మరు సెకండరీ (అవతలి చుట్ట) దగ్గర పుట్టి, చాసీ మీదుగా ఆ సెకండరీకే తిరిగి చేరుతుంది. అవతల ఫేజుకూ న్యూట్రలుకూ మధ్య తేడా ఏమీ కనబడదు. మనిషి పోయినా ఆ స్విచ్చి పడదు. మంచి ఇల్లు, మంచి వైరింగు అని నమ్మి ధైర్యం చేసేవాళ్లకు ఇది తెలియాలి. డిమ్మర్‌స్టాట్ పెట్టుకున్నాం కదా అనేవాళ్లూ ఉన్నారు. అది వోల్టేజీ తగ్గిస్తుందే గానీ సప్లై నుంచి వేరుచేయదు, అందులో ఉన్నది ఒకే చుట్ట.

మరి ఎలా చూడాలి? నేను నేర్పిన పద్ధతిలో విశేషం ఏమీ లేదు. కరెంటు లేనప్పుడు మీటరు తగిలించాలి, కరెంటు వేశాక చూపు మాత్రమే అక్కడ ఉండాలి. ప్లగ్గు ఊడదీసి, కండెన్సర్లు ఖాళీ అయ్యాయని మీటరుతోనే రూఢి చేసుకుని, నల్ల తీగ చివర క్రొకడైల్ క్లిప్పును చాసీకి కరిపించాలి. ఎర్ర తీగకు కూడా తొడుగు ఉన్న క్లిప్పు పెట్టి, చూడాల్సిన పాయింటుకు, వీలైతే వాల్వు పిన్నుకు కాకుండా దానికి అతికిన రెసిస్టరు కాలికి, కరిపించాలి. మీటరును 600 లేక 1000 డీసీ వోల్టుల రేంజిలో పెట్టి, ఎర్ర తీగ మీటరులో ఏ రంధ్రంలో ఉందో ఇంకోసారి చూడాలి. నిన్న ఆంపియర్లు చూసి ఆ తీగను 10 ఆంపియర్ల రంధ్రంలోనే వదిలేసి ఉంటే, ఇవాళ మీటరు హెచ్‌టిని నేరుగా చాసీకి కలిపేస్తుంది. ఆ తర్వాత వెనక్కి జరిగి, స్విచ్చి వేసి, అంకె చదివి, కాగితం మీద రాసుకుని, స్విచ్చి ఆపాలి. మళ్లీ అంకె పడిపోయే దాకా ఆగి, క్లిప్పు మార్చాలి. పది పాయింట్లు చూడటానికి ఇరవై నిమిషాలు పడుతుంది. పట్టనివ్వండి.

తప్పనిసరిగా ప్రోబుతోనే చూడవలసి వస్తే, నల్ల క్లిప్పు చాసీకి బిగించి ఉండగా, ఒక్క కుడిచేత్తోనే చూడాలి. ప్రోబు మొన రెండు మిల్లీమీటర్లకు మించి బయటికి కనబడకుండా స్లీవు తొడగాలి. మా రోజుల్లో సైకిలు వాల్‌ట్యూబు ముక్క తొడిగేవాళ్లం; మన ఎండలకు ఆ రబ్బరు బీటలు వారుతుంది, ఇప్పుడు హీట్‌ష్రింక్ స్లీవు కొన్ని రూపాయలకే దొరుకుతుంది. కాళ్ల కింద రబ్బరు చాప, కాళ్లకు చెప్పులు, ఇంట్లో పిలిస్తే పలికే మనిషి ఒకరు ఉండాలి. కడప బండ చల్లగా ఉంటుందని దాని మీదే పని పెట్టుకోవడం మా ఊరి అలవాటు గానీ, తడిసిన బండ చెక్కబల్ల కాదు. అన్నిటికంటే ముందు, కొత్తగా కట్టిన సెట్టును నేరుగా ప్లగ్గుకు తగిలించకుండా 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బు ఉన్న సీరీస్ బోర్డు (సెట్టుకు వెళ్లే కరెంటు బల్బు గుండానే వెళ్లే బోర్డు) మీద పెట్టి చూడమనండి. బల్బు ఒక్క క్షణం మెరిసి మందగించకుండా నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల ఎక్కడో షార్టు ఉందన్నమాట, మీటరు తీసే పనే లేదు.

మీటరు మాటకు వస్తే, మీ వ్యాసంలో వోల్టేజీల పట్టిక వేశారు, ఏ మీటరుతో చూసిన అంకెలో వేయలేదు. ఈ రోజుల్లో వచ్చే డిజిటలు మీటర్లలో చాలావాటి లోపలి నిరోధం 10 మెగాఓములు. ఇంట్లో పాత ముల్లు మీటరు ఉన్నవాళ్లు దానితోనే చూస్తారు. వోల్టుకు 2000 ఓముల మీటరు 250 రేంజిలో 5 లక్షల ఓములే అవుతుంది. లక్ష ఓముల ప్లేటు రెసిస్టరు ఉన్న చోట అది కూడా ఒక లోడై కూర్చుని, నిజానికి 160 వోల్టులు ఉంటే 140 చూపిస్తుంది. చూసినవాడు వాల్వు చెడిందనుకుని కొత్తది కొంటాడు. ఇంతకంటే మోసం, పాట వాల్వులోకి వచ్చే గ్రిడ్డు దగ్గర జరుగుతుంది. ప్లేటు నుంచి తరువాతి గ్రిడ్డుకు పాటను దాటించే కప్లింగు కండెన్సరు లీకవుతూ, ఒక మెగాఓము గ్రిడ్డు రెసిస్టరు మీద 3 వోల్టులు పడేస్తోందనుకుందాం. డిజిటలు మీటరు దాన్ని 2.7గా చూపిస్తుంది, దోషం దొరుకుతుంది. వోల్టుకు 20,000 ఓముల మంచి ముల్లు మీటరే అయినా, 10 వోల్టుల రేంజిలో దాని నిరోధం 2 లక్షల ఓములు, కాబట్టి అర వోల్టు చూపించి ఊరుకుంటుంది. ఆ లీకవుతున్న కండెన్సరు అవుట్‌పుట్ సాకెట్టు ముందున్నదే అయితే, ప్లేటు వోల్టేజీలో కొంత భాగం పక్కనున్న ఆంప్లిఫయరు మీదకో, తీగ పెట్టబోయే మనిషి చేతికో వెళుతుంది. అందుకే ఈ సెట్టులో సున్నా రావలసిన చోట సున్నా వచ్చిందా అని చూడటం, 270 రావలసిన చోట 270 వచ్చిందా అని చూడటం కంటే ముఖ్యమని నా అభిప్రాయం. చౌక డిజిటలు మీటర్లలో బ్యాటరీ దిగిపోతే అంకెలు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ప్రొద్దుటూరు కుర్రవాడి సెట్టు సంగతి ముగిస్తాను, ఎందుకంటే ఏది ముందు చూడాలో దానితో తెలుస్తుంది. హెచ్‌టి 270 ఉంది. ప్లేటు మీద 268 ఉంది. అతనికి అది 'వోల్టేజీ వస్తోంది' అనిపించింది. నాకు అది వాల్వులో కరెంటే పారడం లేదని చెప్పింది, లక్ష ఓముల రెసిస్టరులో రెండు వోల్టులే పడుతున్నాయి కదా. కాథోడు (వాల్వులో కరెంటును వదిలే కొస) చూడబోయే ముందు దాన్ని వేడిచేసే హీటరు చూశాం. ఆ పని ఏసీ రేంజిలో, 6.3 వోల్టుల దగ్గర జరుగుతుంది. సెట్టులో ఇంతకంటే భయం లేని కొలత లేదు, ఇంతకంటే ఎక్కువ సంగతులు చెప్పే కొలతా లేదు, అందుకే ఎవరైనా దీనితోనే మొదలుపెట్టాలి. 4, 5 పిన్నుల మధ్య 6.3 సరిగ్గా ఉంది. తప్పు కూడా అదే. 12ఏఎక్స్7లో హీటరు రెండు సగాలుగా ఉంటుంది. 4, 5 పిన్నుల మధ్య ఇవ్వాలంటే 12.6 వోల్టులు కావాలి, 6.3 మాత్రమే ఉంటే 4, 5 పిన్నులను కలిపి ఒక వైపు, 9వ పిన్నును రెండో వైపు చేయాలి. ఇతను 9వ పిన్నును ఖాళీగా వదిలేశాడు. ఒక్కో సగానికి 3.15 వోల్టులే అందుతుంటే వాల్వు లోపల ఎర్రదనం గదిలో దీపం ఆర్పితే తప్ప కనబడలేదు. ప్లగ్గు తీసి, తీగ మార్చి, క్లిప్పులు పెట్టి మళ్లీ వేస్తే ప్లేటు 175కు దిగింది, కాథోడు 1.4 చూపించింది. 270లో 175 పోగా మిగిలిన 95 వోల్టులు లక్ష ఓములలో పడుతున్నాయంటే 0.95 మిల్లీ ఆంపియర్లు; అదే కరెంటు కాథోడు దగ్గరి 1500 ఓములలో 1.4 వోల్టులు అవుతుంది. రెండు అంకెలూ ఒకదానికొకటి సాక్ష్యం చెబుతున్నాయి కాబట్టి మూడోది చూడనక్కరలేదు. ఆకాశవాణి కడప పెట్టుకుని బాసు, ట్రెబులు తిప్పుకుంటూ సాయంత్రం దాకా కూర్చున్నాడు.

ఇందులో ఒక చిక్కు ఉంది, అది మీ వ్యాసం చదివేవారికి తప్పక చెప్పాలి. కాథోడు అంటే ఒకటి రెండు వోల్టులు, ముట్టుకున్నా ఏమీ కాదు అని ఈ అనుభవంతో ఎవరైనా అనుకుంటారు. మీ సర్క్యూటులో రెండో వాల్వు మొదటి సగాన్ని కాథోడు ఫాలోయరుగా, అంటే పాటను ప్లేటు నుంచి కాకుండా కాథోడు నుంచే తీసుకునేట్టు, వాడారు. అక్కడ కాథోడు మీదే వందకు పైగా వోల్టులు ఉంటాయి. పిన్ను పేరు చూసి ధైర్యం చేయకూడదు, పటం చూసి చేయాలి.

చివరిగా స్విచ్చి ఆపిన తర్వాతి సంగతి. మీ పటంలో 47 మైక్రోఫారడ్ల కండెన్సర్లు మూడు ఉన్నాయి గానీ, వాటిని ఖాళీ చేసే బ్లీడరు రెసిస్టరు లేదు. వాల్వులు వేడిగా ఉంటే అవే కొంత లాగేస్తాయి. వాల్వులు ఊడదీసి వోల్టేజీలు చూసినప్పుడు లాగేది ఏదీ ఉండదు, గంట తర్వాత ముట్టుకున్నా కొడుతుంది. మొదటి కండెన్సరుకు అడ్డంగా 2,20,000 ఓముల, 2 వాట్ల రెసిస్టరు ఒకటి పెడితే 300 వోల్టులు 50కి దిగడానికి 56 సెకన్లు, 10కి దిగడానికి ఇంచుమించు 105 సెకన్లు పడుతుంది. అర వాటు ముక్క పెట్టకూడదు, దాని వోల్టేజీ రేటింగు చాలదు. కండెన్సర్ల మధ్యలో వోల్టేజీ తగ్గించే డ్రాపరు రెసిస్టరు తెగిపోయి ఉంటే దాని అవతలి కండెన్సరు బ్లీడరుకు అందదు కాబట్టి, మూడింటినీ విడివిడిగా మీటరుతో చూసిన తర్వాతే చేయి పెట్టాలి. మిగిలింది ఏదైనా ఉంటే 10,000 ఓముల, 10 వాట్ల వైరువౌండ్ రెసిస్టరును తొడుగు ఉన్న క్లిప్పు తీగలతో తగిలించి దించాలి. స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి టప్పుమనిపించడం మా తరం మెకానిక్కుల గొప్పగా చలామణీ అయింది, దానివల్ల కండెన్సరు పాడవుతుంది, ఒక్కోసారి కన్ను కూడా. మన ఊళ్లలో ఇంకో ప్రమాదం ఉంది. సెట్టు తెరిచి ఉండగా కరెంటు పోతుంది. ఫ్యాను ఆగింది కదా, ఈలోపు ఆ తీగ సరిచేద్దాం అని చేయి పెడతాం. కండెన్సరు నిండుగా ఉంటుంది, పైగా కరెంటు ఎప్పుడు తిరిగి వస్తుందో చెప్పలేం. కరెంటు పోతే ముందు ప్లగ్గు ఊడదీయాలి.

నాది ఒక మనవి కూడా. హెచ్‌టి లైను నుంచి 4,70,000 ఓముల, 1 వాటు రెసిస్టర్లు రెండు వరుసగా పెట్టి, సెట్టు వెనక వైపు ఒక తొడుగు ఉన్న సాకెట్టుకు తెచ్చి, పక్కన చాసీ నుంచి ఇంకో సాకెట్టు ఇస్తే, మూత తీయకుండానే హెచ్‌టి చూసుకోవచ్చు. 10 మెగాఓముల మీటరులో 270కి బదులు 247 కనబడుతుంది, చూసిన అంకెకు సుమారు తొమ్మిది శాతం కలుపుకుంటే సరిపోతుంది. ఎవరి వేలైనా ఆ సాకెట్టుకు తగిలితే పారేది అర మిల్లీ ఆంపియరు కంటే తక్కువ. రెండు రెసిస్టర్లకు అయ్యే ఖర్చు ఒక టీ ధర కూడా ఉండదు. మూడో భాగం అచ్చుకు వెళ్లకముందే ఈ ఉత్తరం మీకు అందితే, వోల్టేజీల పట్టిక పక్కన ఏ మీటరుతో చూశారో వేసి, పటంలో ఆ బ్లీడరును, ఈ సాకెట్టును గీయించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఐటిఐ శిక్షకుడు,
కడప